నూడుల్స్ కోసం కట్టిన కొలిమి

ఈ మధ్య మా గోవింద్‌పూర్ వీధిలో కుర్రాళ్లు ఫోనులో వీడియోలు చూసి వంటింటి గ్యాస్ స్టవ్వు జెట్టు రంధ్రాన్ని సూదితో పొడిచి పెద్దది చేస్తున్నారట. హోటల్లోలాగా మంట ఎగసిపడాలట, నూడుల్స్‌కి ఆ పొగ వాసన పట్టాలట. చాలా బాగుంది నాయనా. మంటే కావాలనుకుంటే నూడుల్స్ దాకా ఎందుకు, ఇంట్లో కర్టెన్లున్నాయి, పరుపులున్నాయి, పక్కింటివాళ్లున్నారు. నా ఉద్యోగమంతా మంటలతోనే గడిచింది గనక ఒక్క మాట చెబుతాను, వింటే వినండి. గ్యాస్ జోలికి పోకండి. జెట్టు పెద్దదైతే వచ్చేది హోటల్ మంట కాదు. పసుప్పచ్చటి పిచ్చి మంట, గిన్నెకి మసి, ఆపైన మీ అమ్మ చేతిలో చీపురు.

నేను ఇక్కడే, ఈ హిందీ ఊళ్లో, లారీలు తయారుచేసే కర్మాగారంలో బర్నర్ల ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాను. లారీ గేర్లను కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరుస్తారు. ఆ కొలిమిలో మంట సరిగా మండుతోందా లేదా చూడటం నా పని. పెళ్లిళ్లలో ఎవరైనా "తమరేం చేస్తుంటారు?" అని అడిగితే "మంట పెడుతుంటాను" అనేవాణ్ణి. "ఇంట్లో కూడా అదే డ్యూటీ" అని మా ఆవిడ పక్కనుంచి అందించేది.

ఇల్లంత పెద్ద కొలిములు చూశాను. వాటిలో ఒక్కటీ ఇప్పుడు కలలోకి రాదు. గుర్తుండిపోయింది మాత్రం, నేను రిటైరవడానికి కొంచెం ముందు, టెల్కో కాలనీలో ఒక కంపెనీ క్వార్టరు పెరట్లో కట్టిన పీపా అంత కొలిమి. అది నూడుల్స్ వేయించడానికి కట్టాం. నవ్వకండి. అప్పట్లో మేం నవ్వే పరిస్థితిలో లేము.

మా షాపులో, అంటే కర్మాగారంలో మా విభాగంలో, ఒక వెల్డరు ఉండేవాడు. కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఆదివారం చర్చిలో అతని గొంతు వినాలి, మిగతా రోజుల్లో షాపులో అతని అతుకు చూడాలి. నన్ను అన్నా అని పిలిచేవాడు, కాబట్టి అతని భార్యకు నేను బావగారిని. షుగరు ముదిరి అతని కంటిచూపు తగ్గడం మొదలైంది. వెల్డరుకి చూపు తగ్గడమంటే వంటవాడికి నాలుక పోవడమే. మెడికల్ బోర్డు పరీక్షలు చేసి, ఇక వెల్డింగ్ చెయ్యకూడదంది. మిగిలినవి రెండే దార్లు. టూల్ స్టోరులో కూర్చునే తేలికపాటి డ్యూటీ ఇవ్వాలి, లేదా 'పనికిరాడు' అని కాగితం చేతికిచ్చి ఇంటికి పంపాలి. కాగితం వస్తే క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాల్సిందే.

ఆ తేలికపాటి డ్యూటీకి సంతకం పెట్టాల్సింది మా షాపు పెద్దసారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. దుర్మార్గుడైతే సంతకం పెట్టననేసేవాడు, ఒక దారి తెలిసేది. ఆయన "దేఖేంగే" అనేవాడు. చూద్దాం అని. ఆయనకి ఫైళ్ల కన్నా పోస్టర్లంటే ప్రాణం. షాపులో ఎటు తిరిగినా ఆయన ఫోటో, కింద ఒక నియమం, ఎర్ర అక్షరాలతో. చేతులు కడుక్కునే చోట కూడా ఆయనే చిరునవ్వుతో చూస్తుండేవాడు. మా వెల్డరు నెలల తరబడి ఆయన గది బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూద్దాం అంటూనే ఉన్నాడు, చూపు పోతున్నది మాత్రం వీడికి.

ఈ గొడవ మధ్యలో వెల్డరు భార్య తన దారి తాను వెతుక్కుంది. సీతారాండేరాలో నర్సింగ్ చదివే అమ్మాయిల హాస్టల్ ఒకటుంది. అక్కడ రాత్రి భోజనం చేసి పంపే మనిషి కోసం వార్డెనమ్మ చూస్తోందని చర్చిలో ఎవరో చెప్పారు. అయితే ఆ అమ్మాయిలకి పప్పూ అన్నం పెడితే మొహం తిప్పేసుకుంటున్నారట, వాళ్లకి నూడుల్స్ కావాలి, ఫ్రైడ్ రైస్ కావాలి, హోటల్ రుచి కావాలి. ఈవిడ వంటింటి స్టవ్వు మీద విడతలు విడతలుగా చేసి నమూనా పట్టుకెళ్లింది. వార్డెనమ్మ ప్లేటు అందుకుని, ఈవిడ కళ్లముందే బోర్లించింది. నూడుల్స్ కింద పడలేదు.

"పడనేదండి బావగారూ. అలాగే పట్టుకుని ఏలాడతన్నాయి" అని ఇంటికొచ్చి నాతో చెప్పి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. వార్డెనమ్మ మంచి మనిషే పాపం, ఇంకో అవకాశం ఇచ్చింది. ఫలానా శనివారం సాయంత్రం నేనే వ్యాను తీసుకుని మీ ఇంటికొస్తాను, అక్కడే తిని చూస్తాను, బాగుంటే హాస్టలంతటికీ పట్టుకెళ్తాను, మర్నాటి నుంచి వంట నీదే అంది. బాగోకపోతే ఏమిటన్నది ఆవిడా చెప్పలేదు, ఈవిడా అడగలేదు.

సమస్య నాకు వెంటనే అర్థమైంది. ఇంటి స్టవ్వుకి అంత వేడి లేదు. కడాయిలో గుప్పెడు కూరలు పడగానే చల్లబడిపోతుంది, నీరు ఊరుతుంది, నూడుల్స్ వేగడం మానేసి ఉడుకుతాయి. మరి కాలనీలో మంటల గురించి నాకన్నా తెలిసినవాడెవడు? రోజూ ఇనుమును ఎర్రగా కాల్చేవాళ్లం, సేమ్యాలాంటి దానికి భయపడతామా? ఈ మాట నేను గట్టిగానే అన్నాను. కొండంత రాగం తీశానని తర్వాత మా ఆవిడ చాలాసార్లు గుర్తుచేసింది.

గ్యాసును ముట్టుకోకూడదని మొదటే అనుకున్నాం. కట్టెబొగ్గు, దాని కిందనుంచి గాలి. కమ్మరి కొలిమే, పైన కడాయి పెట్టుకునే వీలుతో. నేనూ, వెల్డరూ, మా షాపులో కొత్తగా చేరిన రాంచీ ఇంజినీరు కుర్రాడూ కలిసి మొదలుపెట్టాం. షాపు నుంచి ఒక నట్టు కూడా తేలేదు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, మా గేటు సెక్యూరిటీవాళ్లు ఎవరైనా చదువుతారేమో. పాత ఇనుప పీపా కొన్నాం, లోపల మందంగా కొలిమి ఇటుకలు పేర్చాం, అడుగున గొట్టం పెట్టాం, హోటళ్లవాళ్లు పొయ్యికి వాడే గాలి బ్లోయరు తగిలించాం. అంతా ఆరుబయటే, రేకుల నీడ కింద.

గొట్టాన్ని పీపాకి నేనే అతుకుతానన్నాడు వెల్డరు. డాక్టరు వద్దన్నాడు కదరా అంటే వినడే. అద్దం పెట్టుకుని అతికాడు. చల్లారాక ఆ అతుకు మీద వేలు పెట్టి, మొదటినుంచి చివరిదాకా మెల్లగా రాశాడు. వంకర. నా సర్వీసులో అతని చేతి అతుకు వంకరపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇక మొదటి పరీక్ష. మా ఇంట్లోంచి మా ఆవిడ కడాయి పట్టుకెళ్లాను. మా కొలిముల దగ్గర ఒక పద్ధతి ఉంది. సరుకు వెయ్యగానే పని మొదలుపెట్టకూడదు, వేడి లోపలిదాకా సమంగా పట్టేవరకు ఓపిగ్గా ఆగాలి. మంచి పద్ధతి, గేర్లకి. మేం ముగ్గురం ఖాళీ కడాయిని మంట మీద పెట్టి, చేతులు కట్టుకుని, వేడి సమంగా పట్టేవరకు ఆగాం. ఇంజినీరు తన చేతిలో వేడి కొలిచే పరికరం పట్టుకుని, క్రికెట్ స్కోరు చెప్పినట్టు అంకెలు చదువుతున్నాడు. అంకె పెరిగినకొద్దీ మా ఛాతీ పెరిగింది. ఉన్నట్టుండి కడాయి అడుగు జారింది. చూస్తుండగానే కడాయంతా వెండి నీళ్లలాగా బొగ్గుల్లోకి దిగిపోయింది. రెండు చెవులు మాత్రం అంచు మీద మిగిలాయి.

అల్యూమినియం కడాయి. ఉక్కు ఏ వేడికి ఏ రంగు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మేధావులం ముగ్గురం ఉన్నాం అక్కడ.

"ఓలమ్మో, లారీలకి గేర్లు కాల్చినోరు, నా కడాయి కరిగించీసినారేటి?" అంది మా ఆవిడ, ఆ రెండు చెవులూ చేతిలోకి తీసుకుని. "మరి ఈటికేటి సెయ్యమంటారు, పోగులు కుట్టించమంటారా?"

తర్వాత ఇనుప కడాయి వచ్చింది. కరగలేదు. కానీ కిందనుంచి గాలి తగిలేసరికి బూడిద లేచి నూడుల్స్ మీద తెల్లగా పరుచుకుంది. "మీ ఇంట్లో విభూతి ప్రసాదం పంచుతున్నారని తెలిస్తే మీ పాస్టరుగారేమంటారయ్యా" అన్నాను. వెల్డరు పడీ పడీ నవ్వాడు, చాలా రోజుల తర్వాత. కడాయి అంచు చుట్టూ ఇనుప కట్టు బిగించి, బూడిదా పొగా వెనక నుంచి పోయేలా గొట్టం పెట్టాం. ఆ బాధ తీరింది.

ఆఖరి బాధ వంట చేసేవాళ్లది. మంట తగ్గించాలంటే గాలి తగ్గించాలి, దాని మీట కింద ఎక్కడో ఉంది. వెల్డరు భార్య ఒక చేత్తో కడాయి ఎగరేస్తుంది, ఇంకో చేత్తో గరిటె తిప్పుతుంది.

"మూడో సెయ్యి ఎక్కడినించి తెమ్మంటారు బావగారూ?" అంది. "మీ కొలిముల్లో అయితే మంట పెట్టీసి టీకి ఎల్లిపోతారు. నాకలా కుదరదు కదేటి."

మేం టీకి వెళ్లే సంగతి ఆవిడకెలా తెలిసిందో గానీ, మాట నిజం. కొలిమి మంట ఒకసారి కుదిరితే షిఫ్టంతా అలాగే ఉంటుంది. కడాయి మంట క్షణంలో లేవాలి, క్షణంలో పడుకోవాలి. ఆవిడ పాత కుట్టుమిషను కాలిపలక ఊడదీసి, సైకిల్ బ్రేకు తీగతో గాలి గొట్టంలోని రేకు తలుపుకి కలిపాం. కాలితో తొక్కితే గాలి తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మర్నాడు ఆవిడ పలక మీద కాలు పెట్టి తొక్కింది. పొయ్యి బుస్సున లేచింది. ఉల్లికాడలు చిటపటమన్నాయి, నూడుల్స్ గాల్లోకి లేచి విడివిడిగా పడ్డాయి. అదే, ఆ పొగ వాసన, బజారులో సాయంకాలం తోపుడుబండి దగ్గర వచ్చే వాసన. వెల్డరు కళ్లు మూసుకుని ముక్కుతో పీల్చి, "వచ్చీసింది అన్నా, వచ్చీసింది" అన్నాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అని చెప్పాను.

ఇక్కడితో ఆగితే ఇది సుఖాంతం. కానీ ఇంజినీరు కుర్రాడు రెండు ప్లేట్లు లాగించి, ఆ కృతజ్ఞతతో ఫోనులో వీడియో తీసి షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాన్ని పెద్దసారు చూశారు.

క్వాలిటీ సర్కిల్ అని ఒకటుంటుంది మా దగ్గర. పనిచేసేవాళ్లు కొందరు కూర్చుని తమ పనిలోని ఇబ్బందిని తామే కనిపెట్టి తామే సరిచేసుకోవడం. చాలా మంచి ఆలోచన. అందుకే దానికి ఏటా పోటీ పెట్టి, కప్పు పెట్టి, న్యాయనిర్ణేతలను పెట్టి దాన్ని పాడుచేశారు. ఆ ఏడాది మా షాపు చూపించుకోవడానికి ఒక్క ప్రాజెక్టూ లేదు. పెద్దసారు నన్నూ ఇంజినీరునూ పిలిపించి, ఫోను మా మొహాల మీద ఊపుతూ, "అరే భాయ్, యే తో ప్రాజెక్ట్ హై!" అన్నారు.

అది ప్రాజెక్టు కాదు సార్, పొయ్యి అన్నాను. ఆయనకి వినబడలేదు.

వారం తిరక్కుండా మా సర్కిలుకి పేరు పెట్టారు, జెండా పెట్టారు, నినాదం పెట్టారు. ఇంజినీరు చేప అస్థిపంజరంలాంటి బొమ్మ గీశాడు. తల దగ్గర సమస్య: 'నూడుల్స్ అతుక్కొనుట'. ముళ్ల మీద కారణాలు: మనిషి, యంత్రం, ముడిసరుకు, పద్ధతి. ఆ 'మనిషి' కింద వెల్డరు భార్యను రాశారు. వినియోగదారు అభిప్రాయం తీసుకోవాలంటూ కాగితాలు పట్టుకుని ఆవిడింటికి వెళ్లాం కూడా. ఆవిడ ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"సేపంటే ఒండుకుంటాం గానీ, ఈ ముళ్లేటి సేసుకోమని తెచ్చినారండి?" అంది.

మేం తలలు వంచుకుని వచ్చేశాం. ఇంజినీరు మాత్రం 'వినియోగదారు ఉత్సాహంగా స్పందించెను' అని రాసుకున్నాడు.

పోటీ తేదీ వచ్చింది. శనివారం మధ్యాహ్నం, ఆడిటోరియంలో. వార్డెనమ్మ వచ్చేదీ అదే శనివారం సాయంత్రం. పెద్దసారు హుకుం ఏమిటంటే, పొయ్యిని పొద్దున్నే కంపెనీ వ్యానులో ఆడిటోరియానికి చేర్చాలి, వేదిక ముందు అందరూ చూస్తుండగా వెలిగించాలి, అయిపోగానే వెనక్కి పంపేస్తారు. కంపెనీ ఫంక్షను అయిపోగానే! ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తాడు, దీపం వెలగదు, బొకేలు సరిపోవు, వందన సమర్పణ చేసేవాడు తన పెళ్లి నాటినుంచీ మొదలుపెడతాడు. ఆ పొయ్యి ఎప్పటికి ఇల్లు చేరుతుందో నాకూ తెలుసు, వెల్డరుకూ తెలుసు.

అయినా వెల్డరు సరేనన్నాడు. ఎందుకనడు? తేలికపాటి డ్యూటీ ఫైలు ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. "పోటీ అవ్వనీ, నీ కేసు సోమవారం దేఖేంగే" అని ఈసారి రోజు కూడా చెప్పారు పెద్దసారు. అది మా అందరికీ పెద్ద ప్రగతిగా కనబడింది.

ఆ సంగతి వెల్డరు ఇంట్లో చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ధైర్యానికి తోడు తీసుకెళ్లాడు.

"మరి సెనివారం నేను దేని మీద వండాల?" అంది ఆవిడ.

"సాయంత్రానికి తెచ్చీత్తారు."

"తేకపోతే?"

"ఆయన సేతిలో సంతకముంది. నేనేటి సెయ్యను?" అని అరిచాడు వెల్డరు. అతను అరవడం నేను వినడం అదే మొదలు. "కాగితం సేతికిచ్చి పొమ్మంటే ఎక్కడికి పోతాం? క్వార్టరు పోతాది. తెలుస్తందా నీకు?"

"సంతకం ఆయన సేతిలో ఉంది, సరే" అంది ఆవిడ. "ఈ కూడు నా సేతిలో ఉంది. నోటికాడి దాన్ని నువ్వే తీసి ఆయనకి ఇచ్చీమంటన్నావు. ఇవ్వను."

అతను లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను ఇద్దరికీ సర్దిచెప్పబోయి, ఎవరికీ పనికిరాని రెండు మాటలు చెప్పి వచ్చేశాను.

శనివారం పొద్దున వ్యానేసుకుని, పొయ్యి ఎత్తడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లింది నేనే. ఇంజినీరు కూడా వచ్చాడు, పొయ్యికి కట్టడానికి రిబ్బను తెచ్చాడు. వీధి మలుపులోనే నాకు బుస్సుమనే చప్పుడు వినబడింది. పెరట్లోకి వెళ్లి చూస్తే పొయ్యి భగభగా మండుతోంది. పైన కడాయి లేదు, ఏమీ లేదు. వట్టి మంట. ఇటుకలు ఎర్రబడి మెరుస్తున్నాయి. ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక కాలు పలక మీద వేసి, తాపీగా క్యారెట్లు తరుగుతోంది. వెల్డరు గోడకి చేరబడి తలపట్టుకుని ఉన్నాడు.

"ఏటమ్మా ఇది? ఎప్పుడు వెలిగించినావు?" అన్నాను.

"తెల్లారకముందే బావగారూ" అంది, తలెత్తకుండా. "రండి, తీసుకెళ్లండి. సల్లగా ఉంటే తీసుకెళ్లిపోతారు కదా మరి."

నేను ఇటుకల వంక చూశాను. రిబ్బను పట్టుకున్న ఇంజినీరు వంక చూశాను. అప్పుడు నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. ఎందుకో చెబుతాను. మా షాపులో అన్నిటికన్నా పెద్ద పోస్టరు కొలిమి దగ్గర ఉంటుంది. పెద్దసారి నిలువెత్తు ఫోటో, కింద ఎర్ర అక్షరాలు: వేడి మీదున్న ఇటుక గోడను కదపరాదు, నీళ్లు పోయరాదు, దానంతటది పూర్తిగా చల్లారే వరకు ఆగవలెను. తప్పనిసరైతే షాపు అధికారి స్వయంగా వచ్చి, చూసి, సంతకం చేసిన అనుమతితోనే కదపవలెను. నియమం మంచిదే. వేడి ఇటుకను కుదిపితే గోడ బీటలిచ్చి కూలుతుంది, మోసేవాళ్ల మీద నిప్పులు పడతాయి.

ఫోను చేశాను.

"సార్, పొయ్యి వేడిగా ఉంది. ఎత్తడానికి వీల్లేదు."

"ఆర్పేయండి. నీళ్లు పోయండి" అన్నారు ఆయన హిందీలో. వెనక మైకు టెస్టింగు వినబడుతోంది.

"పోయకూడదు సార్. మీ పోస్టరులో ఉంది."

ఆయన మైకువాణ్ణి ఆపమని కసిరారు. "అలాగే ఎత్తి తీసుకురండి మరి."

"దానికీ పోస్టరుంది సార్. తమరు స్వయంగా వచ్చి, చూసి, సంతకం పెట్టాలి. వస్తారా? వ్యాను పంపమంటారా?"

అవతల ముఖ్య అతిథి కారు వచ్చిందని ఎవరో అరిచారు. పెద్దసారు నన్ను ఒక మాట అన్నారు. అది ఇక్కడ రాయను, హిందీలో అది బాగానే ఉంటుంది, తెలుగులో బాగోదు. ఫోను పెట్టేశారు.

వెల్డరు నా దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయింది. "అన్నా, నా ఫైలు చింపేత్తాడేమో" అన్నాడు. చింపినా చింపవచ్చు. ఆవిడ మాత్రం క్యారెట్లు ముగించి క్యాబేజీ అందుకుంది. దగ్గరికెళ్లి చూస్తే ముక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా పడుతున్నాయి.

ఇంజినీరు రిబ్బను జేబులో పెట్టుకుని బజారుకు పరిగెత్తాడు. థర్మోకోలుతో పొయ్యి బొమ్మ చేయించాడు, పైన నారింజ రంగు కాగితం ముక్కలు, కింద చిన్న ఫ్యాను. స్విచ్చి వేస్తే కాగితాలు రెపరెపలాడేవి. ఆడిటోరియంలో న్యాయనిర్ణేతలు దాని చుట్టూ తిరిగి, "వాహ్, సేఫ్టీ దృష్టితో నిజమైన మంట వాడకపోవడం మెచ్చుకోదగ్గది" అన్నారు. ఒకాయన దాని దగ్గర చేతులు చాచి కాచుకున్నట్టు నటించి ఫోటో దిగాడు. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది మీటింగులు తగ్గించడం ఎలా అనే ప్రాజెక్టుకి వెళ్లింది. దానికోసం వాళ్లు చేసినన్ని మీటింగులు మా షాపు పుట్టాక ఎవరూ చెయ్యలేదు.

వందన సమర్పణ మొదలవగానే నేను వెనక తలుపు గుండా జారుకుని వెల్డరు ఇంటికి వచ్చేశాను. అప్పటికే వార్డెనమ్మ వ్యాను గుమ్మంలో ఉంది. జుట్టు నెరిసిన ఆవిడ, నవ్వని మొహం, పెరట్లో కుర్చీ వేసినా కూర్చోలేదు. వెల్డరు భార్య కాలు తొక్కింది. మంట లేచింది. కడాయిలో నూనె పొగలు కక్కింది, వెల్లుల్లి, కూరలు, నూడుల్స్, ఒకదాని వెంట ఒకటి. కాలు తీసింది. మంట పడుకుంది. ప్లేటులో పోసి అందించింది.

వార్డెనమ్మ ఆ ప్లేటును బోర్లించడానికన్నట్టు చెయ్యి తిప్పింది. కొన్ని నూడుల్స్ పోగులు వెంటనే జారి ఆవిడ చెప్పుల మీద పడ్డాయి. ఆవిడ కిందికి చూసుకుంది. తర్వాత నిలబడే తిన్నది. వెల్డరు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో మరేమో. ప్లేటు ఖాళీ అయింది. ఆవిడ దాన్ని మళ్లీ ముందుకు చాపింది. "ఔర్ దో" అంది. ఇంకొంచెం పెట్టమని. రెండో ప్లేటు సగంలో ఉండగా, "రేపట్నుంచి కూడా ఇంతే వేడిగా పంపగలవా?" అని హిందీలో అడిగింది.

వెల్డరు భార్య తల ఊపింది, మళ్లీ ఊపింది, కొంగుతో మొహం తుడుచుకుని కడాయి అందుకుంది. హాస్టలంతటికీ వండాలి కదా. వెల్డరు బొగ్గులు వేస్తున్నాడు, మా ఆవిడ డబ్బాలు నింపుతోంది, నేను మూతలు పెడుతున్నాను. పెరడంతా పొగ, కేకలు, పరుగులు.

సరిగ్గా అప్పుడే పెద్దసారు వచ్చారు. మెళ్లో దండ, చేతిలో కప్పు, వెనక ఫోటోగ్రాఫరు. పొద్దుటి కోపం ఆ కప్పుతో చల్లారినట్టుంది. పొయ్యి పక్కన వినియోగదారుతో ఒక ఫోటో దిగాలట, కంపెనీ పత్రికకి. తిన్నగా వెళ్లి కొలిమికీ డబ్బాలకీ మధ్య దారిలో నిలబడి, ఫోటో నవ్వు నవ్వారు. వెల్డరును చూసి భుజం తట్టారు.

"నీ ఫైలు నాకు గుర్తుంది" అన్నారు. "సోమవారం దేఖేంగే."

వెల్డరు ఎప్పట్లా చేతులు కట్టుకుంటాడనుకున్నాను. కట్టుకోలేదు. రెండు చేతుల్లో గుడ్డలతో, పొగలు కక్కే నిండు కడాయి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కళ్లు చికిలించి పెద్దసారు ఎక్కడ నిలబడ్డారో పోల్చుకున్నాడు.

"కోయీ బాత్ నహీ సాబ్" అన్నాడు, నెమ్మదిగానే. "చూడకపోయినా పర్వాలేదు. మీరు కాస్త పక్కకు జరగండి, పిల్లల తిండి వెళ్లాలి."

పెద్దసారు నవ్వు అలాగే ఉండిపోయింది. దండ సర్దుకుని, కప్పు చంకలో పెట్టుకుని, ఆయన పక్కకు జరిగారు.